గంటకు 18 రూపాయలు: ఒక చర్చి కీబోర్డు ప్లేయర్ కేసు

నల్గొండలో అకౌంట్స్ పని చేస్తాను. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో రైస్ మిల్లులు, మెడికల్ షాపులతో పాటు కొన్ని చర్చి సంఘాలు, క్రైస్తవ ట్రస్టులు కూడా ఉంటాయి. ఈ కేసు అలాంటి ఒక సంఘానిది. జిల్లాలోని ఒక పట్టణం, 200 కుటుంబాలు, సొంత మందిరం, ఎన్నికైన కమిటీ. కానుకలు, దశమభాగాలు అన్నీ కలిపి ఏడాదికి 14.5 లక్షలు. పేర్లు రాయను. కీబోర్డు వాయించే అబ్బాయిని అందరూ తమ్ముడు అనే పిలుస్తారు, ఇక్కడా అలాగే అంటాను. రాసే ముందు ఇటు కమిటీనీ అటు అతన్నీ అడిగాను, ఇద్దరూ సరేనన్నారు.

నా దాకా వచ్చినప్పుడు ఇది జీతం గొడవ కాదు, క్రమశిక్షణ గొడవ. డిసెంబర్ 23న సంఘంలో సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందు జరిపే కూడిక) పెట్టుకుంటే తమ్ముడు రాలేదు. మిర్యాలగూడ వైపు ఏవో సభల్లో వాయించడానికి పోయాడు. "పైసల కోసం మందిరాన్ని ఇడిసిపెట్టిండు" అని ఒక పెద్దాయన. "తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు కీబోర్డు కొనిచ్చింది సంఘం కాదా?" అని ఇంకొకాయన. అతన్ని తీసేయాలా వద్దా అన్నది జనవరి కమిటీ ఎజెండా. తీసేస్తే వచ్చే ఆదివారం ఎవరు వాయిస్తారన్న టెన్షన్ ఒక్క కోశాధికారికే పట్టింది. ఆయనే నాకు ఫోన్ చేశాడు.

"అతనికి నెలకు ఎంత ఇస్తున్నారు?" అని అడిగితే వెంటనే చెప్పలేకపోయాడు. పుస్తకాల్లో ఆ పేరుతో పద్దే లేదు మరి. పాస్టర్ గారు నెలకు 3,000 తన చేతి నుంచి ఇచ్చి, తర్వాత 'ఇతర ఖర్చులు' కింద రాయించుకునేవారు. అదే పద్దులో పూలు, ఫినాయిల్, వచ్చిన ప్రసంగీకులకు టీ టిఫిన్లు. క్రిస్మస్‌కు ఒక జత బట్టలు, ఒక కవరు. ఆ 3,000 నాలుగేళ్లుగా కదల్లేదు. ఆ నాలుగేళ్లలో వాచ్‌మన్ జీతం, కరెంటు పద్దు ప్రతి ఏప్రిల్‌లో ఎంతో కొంత పెరుగుతూనే వచ్చాయి. సంఘం వాచ్‌మన్‌ను ఎక్కువగా, తమ్ముణ్ణి తక్కువగా ప్రేమించిందని కాదు. వాచ్‌మన్‌కు బడ్జెట్ కాగితంలో ఒక వరుస ఉంది, ఏటా సర్వసభ్య సమావేశంలో ఆ వరుస దగ్గర ఒక నిమిషం ఆగుతారు, ఎవరో ఒకరు "పాపం, ఇంకో 500 వెయ్యండి" అంటారు. తమ్ముడి 3,000 దగ్గర ఆగే సందర్భమే రాలేదు. చర్చి సంగీతకారుల జీతాల్లో నేను చూసిన ముఖ్యమైన లోపం ఇదే. పిసినారితనం కూడా ఉంటుంది, లేదనను. కానీ పద్దు లేకపోవడం దానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

పనిని కొలవడం

తమ్ముణ్ణి ఆఫీసుకు పిలిచి ఎన్ని గంటలు పని చేస్తావని అడిగాను. "ఆదివారం పొద్దున అన్నా, అంతే" అన్నాడు. వాళ్లకూ లెక్క ఉండదు. అందుకని ఫోన్‌లో పాస్టర్ గారితో నడిచిన వాట్సాప్ చాట్ తీయమన్నాను. మంచి రికార్డు దొరికింది.

శనివారం రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పాటల లిస్టు వస్తుంది. "వందనాలు తమ్ముడూ, రేపు ఈ ఐదు పాటలు" అని, కింద రెండు యూట్యూబ్ లింకులు. ఆ రెండూ కొత్తవి. అంటే రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కార్డ్స్ (పాటకు తోడుగా కలిపి నొక్కే స్వరాలు) పట్టుకోవాలి, బీట్ సెట్ చేసుకోవాలి, మన సిస్టర్ల గొంతుకు తగ్గట్టు స్కేల్ దింపుకోవాలి. పాత కీర్తనల సంగతి వేరు. పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉన్నా, ఒక్కో సంఘానికి ఒక్కో నడక, అది పెద్దవాళ్ల నోటి నుంచి వినే నేర్చుకోవాలి. ఆదివారం ఏడింటికల్లా వెళ్లి వైర్లు కలపడం, మైకులు చూడడం అతని పనే. మొదటి ఆరాధన, రెండో ఆరాధన అయ్యేసరికి ఒంటిగంట. మధ్యలో ఎవరైనా అమ్మ లేచి ఏ స్కేలో చెప్పకుండా ప్రత్యేక పాట అందుకుంటుంది. ఒకసారి నేను అక్కడే కూర్చుని చూశాను. మొదటి లైను అంతా అతని వేళ్లు ఊరికే కీల మీద ఉన్నాయి, చెవి ఆమె వైపు ఉంది. రెండో లైను సగంలో స్కేలు మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మూడు సార్లు నొక్కాడు, మూడో లైనుకు కీబోర్డు ఆమె గొంతు కిందికి వచ్చి చేరింది. తాను శృతిలో లేనని ఆమెకు తెలియనే తెలియదు. కూర్చున్నవాళ్లలో సగం మందికీ తెలియదు.

అన్నీ వారానికి కలిపాం. ఆదివారం ఆరు గంటలు, శనివారం సాయంత్రం ప్రాక్టీసు రెండున్నర, ఇంట్లో పాటలు నేర్చుకోవడం రెండు, శుక్రవారం ఉపవాస ప్రార్థన మూడు. మొత్తం పదమూడున్నర, నెలకు 58 గంటలు. 3,000ను 58తో భాగిస్తే గంటకు 51 చిల్లర.

అక్కడితో ఆపలేదు. అతని ఊరు పట్టణానికి 14 కిలోమీటర్లు. వారానికి మూడు రోజులు రానూపోనూ, బండి లీటరుకు 45 ఇస్తుందనుకున్నా నెలకు 8 లీటర్లు. లీటరు 100 దాటి ఎన్నాళ్లయింది, సుమారు 865 రూపాయలు పెట్రోలుకే. ఇక శుక్రవారం. తమ్ముడు మొబైల్ షాపులో పని చేస్తాడు, నెలకు 13,000. ప్రతి శుక్రవారం పదకొండు నుంచి రెండు దాకా ప్రార్థనలో ఉంటే యజమాని సగం రోజు కోస్తాడు. నెలకు దాదాపు 1,080. రెండూ తీసేస్తే చేతికి మిగిలేది 1,050. గంటకు 18 రూపాయలు.

కీబోర్డు అరుగుదల ఈ లెక్కలో కలపలేదు. అతను వాయించేది తన సొంత కీబోర్డు, సెకండ్ హ్యాండ్‌లో 45,000 పెట్టి కొన్నది. సంఘం కొనిచ్చిన పాతదానికి నాలుగు కీలు పలకవు, అది ఇప్పుడు సండే స్కూల్ గదిలో ఉంది. ఐదేళ్లకు పంచితే నెలకు 750 అవుతుంది. దాన్నీ కలిపితే గంటకు ఐదు రూపాయలే మిగులుతాయి. కానీ అదే కీబోర్డుతో బయట సభలకూ పోతాడు గనుక కలపకపోవడమే సబబనిపించింది. మన లెక్కలో ఒక్క అంకె పెంచి రాసినట్టు కనిపించినా కమిటీ మిగతావేవీ నమ్మదు.

డిసెంబర్ 23 సంగతి కూడా అడిగాను. ఆ సభల వాళ్లు ఒక్క సాయంత్రానికి 2,500 ఇచ్చి, నవంబర్ మొదటి వారంలోనే తేదీ ఖాయం చేసుకున్నారు. మన సంఘం సెమీ క్రిస్మస్ తేదీ అతనికి తెలిసింది డిసెంబర్ 18న.

కమిటీ ముందు

లెక్క కాగితం ఒక్క పేజీలో కొట్టించి అందరికీ పంచాను. 18 దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగాయి. కోపంగా ఉన్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్రోలు లెక్క మళ్లీ వేసి చూసుకున్నాడు. తప్పు దొరకలేదు.

అయినా వాదనలు వచ్చాయి, వాటిలో కొన్ని బలమైనవే. "ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి అని ప్రభువే చెప్పలేదా?" అన్నాడు ఒకాయన. నేను లెక్కల మనిషిని, వాక్యం చెప్పే స్థాయి కాదు. జవాబు కమిటీలోని రిటైర్డ్ టీచరమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మత్తయి పదో అధ్యాయంలో అది ఎనిమిదో వచనం, రెండు వచనాలు దిగితే పనివాడు తన ఆహారానికి పాత్రుడని అదే నోటితో అన్నాడని చూపించింది. అంతటితో వదల్లేదు. నెహెమ్యా 13వ అధ్యాయం తెరిచి, లేవీయులకు (మందిర సేవ చేసేవాళ్లకు), గాయకులకు రావలసిన పాళ్లు అందక వాళ్లు తమ పొలాలకు వెళ్లిపోయిన సంగతి చదివింది. "నెహెమ్యా కోప్పడింది గాయకుల మీద కాదయ్యా, అధికారుల మీద" అని పుస్తకం మూసింది. ఇలాంటి కేసులో సంఘం లోపలి మనిషి ఒకరు వాక్యం తెరవడం నా పది కాగితాలకంటే ఎక్కువ పని చేస్తుంది. సంగీతకారులు ఎవరైనా సలహా అడిగితే, ముందు కమిటీలో అలాంటి ఒక్కరిని చూసుకోమంటాను.

"మేమే కొనిచ్చాం, మేమే నేర్పించాం" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం. ఒక కూలి కుటుంబం పిల్లవాడికి సంఘం కీబోర్డు కొనిపెట్టడం, ఒక పెద్దాయన సాయంత్రాలు కూర్చోబెట్టుకుని హార్మోనియం నేర్పడం చిన్న సాయం కాదు. తమ్ముడూ దాన్ని కాదనడు. అయితే ఆ తర్వాత పదేళ్లకు పైగా అతను ప్రతి ఆదివారం వాయించాడు. ఈ రెంటినీ ఒకే పుస్తకంలో జమాఖర్చులుగా రాస్తే బాకీ ఎప్పుడో తీరిపోయిందని నేనన్నాను. ఒకరిద్దరికి నచ్చలేదు.

"ఇతనికి ఇస్తే రేపు క్వయర్ అడుగుతది, సండే స్కూల్ టీచర్లు అడుగుతరు" అన్నది కోశాధికారి భయం. దీనికి ఒక హద్దు పెట్టాం. ఒక ఆదివారం రాకపోతే ఆరాధనే ఆగిపోయే పని, సొంత వాద్యం తెచ్చుకునే పని, వేరే సంపాదన వదులుకుని చేసే పని అయితే డబ్బు ఇవ్వాలి. ఆ హద్దు లోపలికి తమ్ముడు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే ఇంటర్ కుర్రాడు వచ్చారు. క్వయర్ వాళ్లకు క్రిస్మస్ క్యారల్స్ రాత్రుల్లో భోజనం, ఆటో ఛార్జీలు.

ఇంటి దగ్గరి ఒత్తిడి కూడా చెప్పాలి. తమ్ముడి అమ్మకు ఈ విషయం తెలిసి ఏడ్చింది. "దేవుని దగ్గర పైసలు అడుగుడు తప్పు బిడ్డా" అంది. కమిటీని ఒప్పించడం కంటే ఆమెకు సర్దిచెప్పడమే కష్టమైంది, పాస్టరమ్మ వెళ్లి మాట్లాడేదాకా ఆమె నెమ్మదించలేదు.

ఏం రాసుకున్నాం

తమ్ముడు ఎనిమిది, పది వేలు అడుగుతాడని కోశాధికారి సిద్ధపడి ఉన్నాడు. నేను ముందు పెంచమని కాదు, తగ్గించమని అడిగాను. శుక్రవారం వదిలేయండి అన్నాను. ఉపవాస ప్రార్థనలో స్త్రీలే ఎక్కువ, వాళ్లలో ఒకామె డోలక్ బాగా వాయిస్తుంది, కీబోర్డు రాకముందు ఏళ్ల తరబడి చప్పట్లతో, డోలక్‌తో పాడినవాళ్లే. శుక్రవారం తీసేయగానే సంఘం ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా తమ్ముడికి నెలకు వెయ్యికి పైగా మిగిలింది. జీతం బేరానికి ముందు ఇలాంటి రోజు ఏదైనా ఉందా అని ప్రతి కేసులో వెతుకుతాను. దాదాపు ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

మిగతాది ఇలా కుదిరింది. ప్రతి ఆదివారానికి 900, అందులోనే శనివారం ప్రాక్టీసు. పండుగలకు, అంటే శ్రమదినాల (ఈస్టర్‌కు ముందు ఉపవాస రోజుల) కూడికలు, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ తెల్లవారుజాము, క్రిస్మస్ వారం, డిసెంబర్ 31 రాత్రి, అన్నిటికీ కలిపి ఏడాదికి 12,000. పెట్రోలు నెలకు 600, సొంత కీబోర్డు వాడుతున్నందుకు 500. ప్యాడ్స్ కుర్రాడికి ఆదివారానికి 400. వైర్లు, రిపేర్లకు ఏడాదికి 2,000. మొత్తం 94,800. సంఘం రాబడిలో ఆరున్నర శాతం. అంతకుముందు ఏడాదే స్పీకర్లు, మిక్సర్ కోసం 3.4 లక్షలు పెట్టిన కమిటీ ఇది. అవి ఎవరి పాట వినిపించడానికి కొన్నారో ఆ మనిషికి ఇందులో సుమారు ఐదో వంతు ఇవ్వడానికి మూడు మీటింగులు పట్టింది.

తేదీల సంగతి డబ్బు అంత ముఖ్యం. డిసెంబర్ కూడికల తేదీలన్నీ నవంబర్ 15 లోపు అతనికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తేదీల మీద మొదటి హక్కు సంఘానిది, మిగతా రోజుల్లో ఎక్కడ వాయించుకున్నా అడగకూడదు. ఏడాదికి ఆరు ఆదివారాలు సెలవు. సెలవు రోజున వచ్చేవాళ్లకూ అదే 900, అదీ సంఘమే ఇస్తుంది, తమ్ముడి జేబులోంచి కాదు. పాటల లిస్టు శుక్రవారం రాత్రికల్లా రావాలి. ఈ చివరి షరతు మీద పాస్టర్ గారు నవ్వి సంతకం పెట్టారు, చాలావరకు పాటిస్తున్నారు.

భూస్థాపనలకు ఎంత అని రాయబోతే తమ్ముడే ఆపాడు. "చావింట్ల పైసలు తీస్కోనన్నా. అది నేను ఊకెనే వాయిస్త." దాన్ని కాగితంలో పెట్టలేదు.

డబ్బు పాస్టర్ గారి ఫోన్‌పే నుంచి కాక సంఘం బ్యాంకు ఖాతా నుంచి వెళ్లాలన్నది నా పట్టుదల. పాస్టర్ గారి చేతి మీదుగా వెళ్లినంత కాలం అది ఆయన దయలా కనిపిస్తుంది, అడగడానికి నోరు రాదు, ఆయన బదిలీ అయితే మాట కూడా ఆయనతో పాటే పోతుంది. చట్టం వైపు నుంచీ ఇదే మేలు. ట్రస్టుగా నమోదై పన్ను మినహాయింపు పొందే సంస్థ ఒకే మనిషికి ఒకే రోజు 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు లెక్కకు రాదు, క్రిస్మస్ వారంలో కవర్లు ఇచ్చేటప్పుడు ఇది చాలామంది మరిచిపోతారు.

టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని కట్టే పన్ను) దగ్గర కొంచెం గందరగోళం అయింది. ఇలాంటి వృత్తి రుసుము 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50,000 దాటితే సంస్థ 10 శాతం పట్టుకోవాలి. అంతకుముందు ఆ హద్దు 30,000. తమ్ముడి ఆదివారాలు, పండుగలు కలిపితే 58,800. "49,000 రాసి మిగతాది కవర్‌లో ఇద్దాం" అని ఒకరు సలహా ఇచ్చారు. అలాగైతే మళ్లీ కవర్ల దగ్గరికే పోయినట్టు, నేను సంతకం పెట్టనన్నాను. 5,880 పట్టుకుని కట్టేస్తే, అతని రాబడికి పన్నే లేదు గనుక రిటర్న్ వేస్తే మొత్తం తిరిగి వస్తుంది. ఏటా రిటర్న్ ఉంటే రేపు కొత్త కీబోర్డుకో బండికో లోన్ అడిగేటప్పుడూ పనికొస్తుంది. అయితే అతని పాన్ ఆధార్‌తో లింక్ కాలేదు. అలా వదిలేస్తే 20 శాతం పట్టుకోవాల్సి వచ్చేది. 1,000 రుసుము కట్టి లింక్ చేయించాం, ఆ వెయ్యి కోశాధికారి తన జేబులోంచి ఇచ్చాడు.

ఇది అన్ని చోట్లా నడుస్తుందా

నడవదు. ఈ సంఘానికి నియమావళి, కమిటీ, ఏటా సర్వసభ్య సమావేశం ఉన్నాయి. నల్గొండలో 1890 నాటి మిషన్ నుంచి వచ్చిన బాప్తిస్టు సంఘాల్లో, మహబూబ్‌నగర్ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల్లో, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఈ పద్ధతికి దారి ఉంది, బడ్జెట్ ఎవరు పాస్ చేస్తారో తెలుస్తుంది. కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) గురువు గారితో, విచారణ సంఘంతో మాట్లాడుకోవాలి. స్వతంత్ర సంఘాల్లో చాలా చోట్ల పాస్టర్ గారే కోశాధికారి, అక్కడ వరుస చేర్చడానికి కాగితమే ఉండదు. అలాంటి చోట ఒక్క ఉత్తరం రాయించుకోవడమే నాకు తెలిసిన మార్గం. ఎన్ని రోజులు, ఎంత, ఏ తేదీకి అని మూడు లైన్లు.

ఇక దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో పాతిక కుటుంబాల సంఘాలు. అక్కడ పాస్టర్ గారే పొలం పనికి పోతారు. అలాంటి సంఘాన్ని డబ్బు అడగమని ఎవరికీ చెప్పను. ఆదివారం ఒక్క ఆరాధన వాయించి, మిగతా రోజులు బయట సంపాదించుకునే స్వేచ్ఛ అడగమంటాను.

మా లెక్క ప్రకారం తమ్ముడికి ఇప్పుడు గంటకు 86 రూపాయలు పడుతోంది. గొప్ప రేటేమీ కాదు. సభలకు పోతే ఒక్క సాయంత్రంలో దానికి చాలా రెట్లు వస్తుంది, అతను పోతున్నాడు కూడా, ఎవరూ ఏమీ అనడం లేదు. తర్వాతి ఏప్రిల్‌లో సర్వసభ్య సమావేశంలో సంగీతం వరుస దగ్గరికి రాగానే వెనక వరుసలోంచి ఎవరో "ఆదివారానికి వెయ్యి చెయ్యండి" అన్నారు, చేతులు లేచాయి. తమ్ముడు ఆ సమయంలో బయట మైకు వైరు సరిచేస్తున్నాడట, విషయం అతనికి సాయంత్రం తెలిసింది.

పెళ్లిళ్ల వ్యవహారం మాత్రం తేలలేదు. మందిరం బుక్ చేసుకునేటప్పుడే కీబోర్డుకు 2,000 ఆఫీసులో కట్టాలని ఒక కాగితం అంటించాం. పెళ్లివారు ఇప్పటికీ చివర్లో కవర్ ఇస్తున్నారు, ఒక్కోసారి అందులో 500, ఒక్కోసారి 5,000. తమ్ముడికి అదే బాగుందేమోనని నా అనుమానం. తన సెలవు ఆదివారాల్లో వాయించడానికి ఇంటర్ చదివే ఒక అమ్మాయిని అతనే తయారు చేస్తున్నాడు. ఆమెకు 900 ఎవరి ఖాతాలో వేయాలన్న ప్రశ్న వచ్చింది. నాన్న ఖాతాలో వేయమన్నారు ఇంట్లో. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా నడుపుకునే ఖాతా తెరవచ్చు, అందుకని ఆమె పేరు మీదే తెరిపించాం.